లాగినా రాని స్టెంట్

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. కిడ్నీలో రాయి తీసినప్పుడు డీజే స్టెంట్ వేశారు. నెలకు తీయించుకోమన్నారు గానీ, నొప్పి లేదు కదా అని ఏడు నెలలు వెళ్లలేదు. మొన్న తీయబోతే రాలేదట, సీటీ స్కాన్ రాశారు. ఇంకాస్త గట్టిగా లాగితే రాదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: లాగకుండా ఆపడమే మేలైంది. సుమారు 2 మిల్లీమీటర్ల లావుండే ఈ మెత్తటి గొట్టానికి రెండు చివరలా చుట్టలుంటాయి: ఒకటి కిడ్నీలో, ఒకటి మూత్రాశయంలో. మామూలుగా కిందినుంచి లాగితే పై చుట్ట నిటారై జారి వచ్చేస్తుంది. నెలల తరబడి మూత్రంలో నానితే మాత్రం, బోరునీళ్ల బకెట్‌కు తెల్లపొర కట్టినట్టు, దానిమీద లవణాలు పేరుకుంటాయి. రాళ్లు కట్టే తత్వం ఉన్నవారిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. రాయి కట్టిన చుట్ట నిటారు కాదు. బలవంతం చేస్తే పెళుసెక్కిన స్టెంట్ తెగిపోవచ్చు, అంతకన్నా ఘోరంగా మూత్రనాళమే తెగి ఊడిరావచ్చు.

రాయి లేకుండా చుట్ట ముడిపడటం మరీ అరుదు. నాళానికి మించిన పొడవున్న స్టెంట్ వేసినప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది. రాయి ఎంత ఉందో, ఎక్కడుందో, ముడి పడిందో లేదో సీటీ చెబుతుంది. ముందు మూత్రం కల్చర్ (క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. స్టెంట్‌మీద దాగిన క్రిములు ఆపరేషన్‌లో రక్తంలోకి ఎక్కితే ప్రాణంమీదికొస్తుంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూస్తారు. తర్వాత మత్తు ఇచ్చి కిందినుంచి పైకి వస్తారు: మూత్రాశయంలోని రాయిని, నాళంలోనిదాన్ని లేజర్‌తో పగలగొడతారు. పై చుట్టమీద రాయి పెద్దదైతే వీపునుంచి చిన్న రంధ్రం వేసి తీస్తారు. ఒక్క విడతలో పూర్తికాకపోవచ్చు, ఖర్చుకూ సెలవుకూ ముందే సిద్ధపడండి.

ప్రశ్న: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న మా అమ్మకు మూడు నెలలకోసారి మూత్రనాళంలోని స్టెంట్ మారుస్తారు. ఈసారి మారుస్తుంటే ఎర్రటి రక్తం ధారగా వచ్చి, దానంతటదే ఆగింది. స్టెంట్‌తో రక్తం మామూలేనంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నడిచినప్పుడు మూత్రం లేత గులాబీ రంగులో రావడం మామూలే. ధారగా రావడం కాదు. కటిభాగంలో మూత్రనాళం పెద్ద ధమనిమీదుగా దాటుతుంది. రేడియేషన్‌తో బిరుసెక్కిన ఆ చోట, ఏళ్లతరబడి ఉన్న స్టెంట్ రాపిడికి రెంటి మధ్యా రంధ్రం పడవచ్చు. రక్తం ఆగిందని ఊరుకోకండి, మళ్లీ ఉప్పెనలా వస్తుంది. యాంజియోగ్రామ్ చేసి, ధమని లోపల, రంధ్రాన్ని మూసే తొడుగున్న స్టెంట్ వేయగల ఆస్పత్రికి ఈరోజే తీసుకెళ్లండి. వెళ్లగానే రేడియేషన్ సంగతి, స్టెంట్ల సంగతి చెప్పండి. మామూలు సీటీలో ఏమీ కనబడకపోయినా అనుమానం వదలకూడదు. ఈలోగా మూత్రనాళంలో ఉన్న స్టెంట్‌ను వార్డులో తీయనివ్వకండి. అదే రంధ్రాన్ని నొక్కిపెట్టి ఉండవచ్చు.