చిన్నీ, ల్యాప్‌టాప్ కొనే ముందు ఇదొకసారి చదువు

చిన్నీ,

ఈసీఈలో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. నువ్వు పంపిన లింకులన్నీ చూశాను. వాటిలో ఏది ఫ్రెండ్స్ చెప్పింది, ఏది మీ నాన్న ఆఫర్ చూసి మురిసిపోయింది, ఏది నువ్వు రంగు చూసి పెట్టింది అన్నీ తెలిసిపోతున్నాయిలే.

యూట్యూబ్‌లో వాళ్ళు ల్యాప్‌టాప్‌ని డబ్బా విప్పిన రోజు చూపిస్తారు. రిపేర్ బల్ల దగ్గర కూర్చునే నా దగ్గరికి అదే మెషీన్ రెండు మూడేళ్ళు నలిగాక వస్తుంది. అందుకని నేను చెప్పేవి కొంచెం వేరేగా ఉంటాయి.

ముందు ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి. కావాలని మరీ అడిగావు కానీ నీ చదువుకి అక్కర్లేదు. అది రెండుంబావు, రెండున్నర కిలోలు ఉంటుంది, పైన ఇటుకంత చార్జర్. హాస్టల్ నుంచి ల్యాబ్‌కి రోజూ మోయాల్సింది నువ్వే. ప్లగ్ తీసేస్తే గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో నడవదు, బ్యాటరీ కూడా క్లాసులు అయ్యేదాకా ఆగడం కష్టం. మెషిన్ లెర్నింగ్ నేర్చుకుంటాను మామయ్యా అంటావేమో, మొదట్లో చేసే ప్రాజెక్టులకి గూగుల్ కోలాబ్ (బ్రౌజర్‌లోంచే గూగుల్ కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు నడిపే చోటు) ఉచితంగానే సరిపోతుంది. ఆటలు ఆడుకోవాలనే ఉంటే ఆ మాటే నాన్నతో చెప్పు, చదువు పేరు పెట్టకు.

డాలస్ నుంచి అన్నయ్య మ్యాక్‌బుక్ తెస్తానన్నాడట. మంచి మెషీనే, బ్యాటరీలో దానికి తిరుగులేదు. కానీ మీ బ్రాంచిలో వివాడో (చిప్ డిజైన్‌కి), కెయిల్ మైక్రోవిజన్ (మైక్రోకంట్రోలర్లకి ప్రోగ్రాములు రాయడానికి) లాంటి సాఫ్ట్‌వేర్లు వాడాల్సి వస్తుంది, అవి మ్యాక్‌లో నేరుగా నడవవు. సీఎస్ఈ అయితే సరే అనేవాణ్ణి. అన్నయ్య విండోస్‌దే తెచ్చినా, అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ఆ మోడల్ పేరుతో కంపెనీని అడగాలి, కొన్నిటికి చెల్లదు.

ఇప్పుడు అసలు మోసం జరిగే చోటు, ప్రాసెసర్ పేరు. నువ్వు పంపినవాటిలో రెండు ల్యాప్‌టాప్‌ల మీద "రైజెన్ 5" అనే ఉంది, చూశావా? అది ఏఎండీ కంపెనీ ప్రాసెసర్. ఒకటి 7520యూ, ఇంకోటి 7530యూ. ఒక్క అంకె తేడాయే కదా అనిపిస్తుంది. ఈ 7000 వరసలో మూడో అంకె చూడాలి, లోపలి డిజైన్ ఏ తరానిదో అదే చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, అంటే 2019లో మొదలైన డిజైన్, 7520యూలో కోర్లు (ప్రాసెసర్‌లో పని పంచుకునే భాగాలు) నాలుగే. 3 ఉంటే జెన్ 3, 7530యూలో ఆరు కోర్లు. పైగా 7520యూకి ర్యామ్ బోర్డు మీదే అతికించి వస్తుంది, 8 జీబీ కొంటే చచ్చేదాకా 8 జీబీయే. షాపులో "రైజెన్ 5 సార్, లేటెస్ట్" అంటాడు, అది అబద్ధం కూడా కాదు, కొత్తగా అమ్ముతున్నదేగా! అందుకే పూర్తి నంబర్ అడగందే ధర మాట ఎత్తకు. ఇంటెల్‌లోనూ అంతే, చివరి అక్షరం చూడు: యూ ఉంటే బ్యాటరీకి మంచిది, హెచ్ ఉంటే జోరెక్కువ, వేడీ ఎక్కువే. నీకు యూ చాలు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి, ఇందులో బేరం లేదు. బడ్జెట్ మరీ కుదరకపోతే ఇప్పటికి 8 తీసుకుని తర్వాత పెంచుకో, కానీ ఇంకో ర్యామ్ వేసుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందని ఖాయం చేసుకున్నాకే. ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్ళూ సాఫ్ట్‌వేర్లూ ఉండే చోటు, 512 జీబీ, విండోస్‌లో అది 476 అని కనిపిస్తుంది, కంగారు పడకు, లెక్క కట్టే పద్ధతి వేరు అంతే. వివాడో ఒక్కటే పదుల జీబీలు తినేస్తుంది కాబట్టి 256 వద్దు.

ఇక నా దగ్గరికి ఎక్కువగా వచ్చే రోగం, హింజ్, అంటే మూతని కింది భాగంతో కలిపే బందు. చౌక మెషీన్లలో హింజ్ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి గింజల్లోకి. హింజ్ బిగుతుగా ఉండి, మూతని రోజూ ఒక మూల పట్టుకుని లాగితే ఆ గింజలు ప్లాస్టిక్‌ని చీల్చుకుని బయటికొస్తాయి, తర్వాత స్క్రీన్ వైరు కూడా నలుగుతుంది. వారంటీలో అడిగితే "ఫిజికల్ డ్యామేజ్" అని చేతులు దులుపుకోవడమే ఎక్కువ. అందుకే ఆన్‌లైన్‌లో కొనాలనుకున్నా ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి అదే మోడల్ చేత్తో పట్టుకుని చూడు. మూత మధ్యలో ఒక్క వేలితో ఎత్తు, కింది భాగం కూడా లేస్తోందా? లేస్తే హింజ్ మరీ బిగుతన్నమాట. కీబోర్డు మధ్యలో నొక్కితే దిగుతోందా? ఒక తెల్ల పేజీ తెరిచి పక్క నుంచి చూడు, రంగులు మారిపోతుంటే ఆ స్క్రీన్ వదిలెయ్. 250 నిట్స్ (వెలుగు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) అని రాసి ఉంటే వెలుగు తక్కువ, వెలిసిన రంగులన్నమాట, 300 నిట్స్ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారని రకం) దొరికితే మంచిది. కీబోర్డుకి లైటు ఉంటే రూమ్మేట్‌తో గొడవలుండవు. టైప్ సీ చార్జింగ్ ఉందా అని కూడా అడుగు, చార్జర్ మర్చిపోయిన రోజు పక్కవాళ్ళది అడిగి పెట్టుకోవచ్చు.

మీ నాన్నకి ధర ఎక్కువనిపిస్తే సెకండ్ హ్యాండ్‌లో థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటి ఆఫీస్ మెషీన్లు చూద్దాం. కొత్త చౌక మెషీన్ కన్నా గట్టివి, విప్పి బాగుచెయ్యడం కూడా సులువు. ఒక్క షరతు: ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతదే ఉండాలి. అంతకన్నా పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్యాటరీ మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు ముందే కలుపుకో.

డాస్ మెషీన్ (విండోస్ లేకుండా వచ్చేది) చౌకగా ఇస్తామని, విండోస్ మేమే వేస్తామని అంటే వద్దను, వేసేది దొంగ కాపీయే. యాంటీవైరస్ అంటగట్టబోతే అదీ వద్దు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో, షాపులో నిలబడే ఆ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడు. ఆరు నెలల కిందటే మొదలైపోయి ఉంటే బిల్లు చూపించి తేదీ సరిచేయించాకే డబ్బులివ్వు. డబ్బు మిగిలితే ఇయర్‌ఫోన్స్ మీద కాదు, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ మీద పెట్టు, హాస్టల్లో టీ ఒలకడం ఖాయం.

పార్క్‌లేన్‌కి ఎప్పుడు వెళ్తున్నారో నాన్నని ముందే చెప్పమను, నేనూ వస్తాను. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు నాకు వీలుపడదు.

మీ మామయ్య