పరుగుకు పేరు పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వచ్చే నెల నుంచి మీ బృందంలో స్పీడ్‌రన్‌లను, అంటే వీడియో గేమ్‌ను వీలైనంత తక్కువ సమయంలో ముగించే పరుగులను, పరిశీలించే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. మొదటి పరుగే తగాదాతో వచ్చిందన్నావు. ఒక కుర్రాడు పాత మారియో ఆట వీడియో పంపి పైన ‘రికార్డు’ అని ఒక్క మాట రాశాడు. అది చేత్తో ఆడింది కాదని, ఎమ్యులేటర్‌లో, అంటే పాత ఆట యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్‌లో, పనిముట్ల సాయంతో తయారు చేసిందని తర్వాత బయటపడింది. సగం మంది వాణ్ణి వెలివేయాలంటున్నారు. మిగతా సగం మంది ఇంత అందమైన పనిని రికార్డుల పట్టికలో అందరికన్నా పైన పెట్టాలంటున్నారు. నా దృష్టిలో రెండూ పొరపాటే. ఎందుకో చెప్పాలంటే నా హాస్టల్ రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

2004లో మా హాస్టల్లో కంప్యూటర్లన్నీ ఒక తీగకు కలిపి ఉండేవి. ఎవరి దగ్గర ఏ వీడియో ఉన్నా అందరూ చూసేవాళ్లం. అలా వచ్చింది సూపర్ మారియో బ్రదర్స్ 3 ఆటను పదకొండు నిమిషాల్లో ముగించిన వీడియో. మా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బా, పసుపు కాసెట్లు ఇంటి నుంచి తెచ్చుకుని, కామన్ రూమ్ టీవీ ఖాళీగా దొరికినప్పుడల్లా సాధన చేసేవాడు. ఎక్కడ ఎంత సమయం పట్టిందో నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఆ వీడియోలో మారియో ఎగిరే ఓడల మీద ఫిరంగి గుండ్లను తొక్కుకుంటూ, నేల మీద కాలు పెట్టకుండా, ప్రాణాలు పోగేసుకుంటూ పోతుంటే మావాడు కళ్లార్పకుండా చూశాడు. ఏమీ అనలేదు. ఆ వారమే డబ్బాను పాత వార్తాపత్రికలో చుట్టి ఇంటికి పంపేశాడు. ఆ నోట్‌బుక్ మళ్లీ తెరవలేదు.

ఆ వీడియోను 2003లో చేసింది మోరిమోటో అనే పేరుతో తెలిసిన జపాన్ ఆటగాడు. ఎమ్యులేటర్‌లో ఆటను నెమ్మదింపజేసి, తప్పు జరిగిన ప్రతిచోటా వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటూ కట్టిన పరుగు అది. మాకు ఆ సంగతి చాలా నెలల తర్వాత తెలిసింది. వీడియో ప్రపంచమంతా తిరిగింది, దాన్ని ఎలా చేశారన్న వివరణ మాత్రం దాని వెంట తిరగలేదు. నిజం తెలిశాక చాలామంది మోసపోయామని మండిపడ్డారు. ఈ కళనే మోసం అనేశారు. ఆ వీడియో మొదట్లో ఒక్క వాక్యం రాసి ఉంటే మా మిత్రుడు సాధన మానేవాడు కాదని ఇప్పటికీ నమ్ముతాను. నేను ఈ పరిశీలన పనిలోకి రావడానికి కారణం కూడా అదే.

అందుకే నీకు చెప్పే మొదటి మాట: పనిముట్లు వాడడం తప్పు కాదు, ఆ సంగతి దాచడం తప్పు. మనవాళ్లకు ఇది వేరే ఎవరో నేర్పాల్సిన పని లేదు. అవధానం చూశావు కదా. పృచ్ఛకులు అడ్డుపడుతుండగా, గంటలు మోగుతుండగా, నిండు సభలో అప్పటికప్పుడు పద్యం చెప్పడం ఒక విద్య. ఇంట్లో కూర్చుని, కొట్టివేతలతో కాగితం నింపి, నెలల తరబడి ఒక్క పద్యాన్ని చెక్కడం ఇంకో విద్య. రెండో కవిని ఎవరూ దొంగ అనరు. కానీ ఇంట్లో రాసుకున్న పద్యాన్ని సభలో ఆశువు అని చెప్పి చదివితే పద్యం ఎంత బాగున్నా సభ క్షమించదు. చేత్తో ఆడిన పరుగు ఆశువు. పనిముట్లతో కట్టిన పరుగు, మీరంతా టాస్ (టూల్-అసిస్టెడ్ స్పీడ్‌రన్) అని పిలిచేది, చెక్కిన పద్యం. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టడం చెక్కిన పద్యానికి గౌరవం కాదు, ఆశువు చెప్పినవాళ్లకు న్యాయమూ కాదు.

టాస్ అన్న పేరు పుట్టిన కథ కూడా ఇదే చెబుతుంది. డూమ్ ఆట సోర్స్ కోడ్‌ను 1997 చివర్లో విడుదల చేశారు. 1999లో ఆండీ కెంప్లింగ్ అనే ఆయన దాన్ని కొంత మార్చి, నెమ్మదిగా, విడతలు విడతలుగా ఆటను రికార్డు చేసే వీలు కల్పించాడు. పనిముట్ల సాయంతో చేసిన పరుగులన్న పేరు ఆ రోజుల్లోనే స్థిరపడింది. మోరిమోటో వీడియో స్ఫూర్తితో 2003 డిసెంబరులో మొదలై తర్వాత టాస్‌వీడియోస్‌గా మారిన వేదిక, తాను ప్రచురించే వీడియోలోనే ఇది పనిముట్లతో చేసినదని తెరమీద చూపించే పద్ధతి పాటించింది. మీరూ అదే చెయ్యండి. వివరణ పక్కన రాస్తే చాలదు. వీడియోను ఎవరో కోసుకుని పంచుకుంటారు, పక్కన రాసింది అక్కడే మిగిలిపోతుంది.

ఇక పరిశీలన సంగతి. వీడియో చూసి తీర్పు చెప్పకు. ఇన్‌పుట్ ఫైలు, అంటే ఏ క్షణంలో ఏ బటన్ నొక్కారో నమోదైన ఫైలు, అడుగు. పాత నింటెండో ఆటల ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు. ఒక్కో వరుస ఒక్కో ఫ్రేమ్, అంటే సెకనులో దాదాపు అరవయ్యో వంతు. ప్రతి వరుసలో రెండు నిలువు గీతల మధ్య ఎనిమిది చోట్లుంటాయి: కుడి, ఎడమ, కింద, పైన, స్టార్ట్, సెలెక్ట్, బి, ఏ. నొక్కని బటన్ చోట చుక్క ఉంటుంది, నొక్కితే అక్షరం ఉంటుంది. ఐదు నిమిషాల ఆటంటే దాదాపు 18 వేల వరుసలు. బొమ్మ లేదు, శబ్దం లేదు, చుక్కలూ అక్షరాలూ మాత్రమే. ఆ ఫైలును అదే ఎమ్యులేటర్, అదే వెర్షన్‌లో నువ్వే నడిపించు. చివరిదాకా తప్పిపోకుండా నడిస్తే నీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టు. మధ్యలో మారియో గోడకు గుద్దుకుని నిలబడిపోతే వెంటనే అనుమానపడకు. ఆట కాపీ వేరు కావచ్చు, సెట్టింగు వేరు కావచ్చు. ముందు చేసినవాణ్ణి అడుగు.

ఆ వరుసల్లో చూడవలసిన చిన్న విషయం ఒకటుంది. కుడి, ఎడమ బటన్లకు ఒకే వరుసలో అక్షరాలు కనిపిస్తున్నాయా? అసలు కంట్రోలర్ మీద దిక్కుల మీట ఒకే ముక్క, ఒకవైపు నొక్కితే రెండోవైపు లేస్తుంది. ఎమ్యులేటర్‌లో ఆ అడ్డు ఉండదు. జెల్డా 2 లాంటి ఆటల్లో రెండూ కలిపి నొక్కితే పాత్ర విపరీతమైన వేగంతో దూసుకుపోతుంది. దీన్ని అనుమతించాలా వద్దా అన్నది మీ బృందం ఇష్టం. టాస్‌లలో అనుమతించడం నాకు సమ్మతమే. వాడారన్న మాట పేరు పక్కన ఉండాలి, అంతే.

ఆట తనంతట తాను చెప్పే సాక్ష్యం కూడా నేర్చుకో. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కు మారడం 21 ఫ్రేములకోసారే జరుగుతుంది. అంటే సుమారు 0.35 సెకన్ల మెట్లు. నువ్వు పది ఫ్రేములు ముందు చేరినా తర్వాతి మెట్టు వచ్చేదాకా ఆగాల్సిందే. చివరి లెవెల్‌కు మాత్రమే ఈ పట్టింపు లేదు. ఎవరి వీడియోలోనైనా లెవెల్ మారిన సమయం ఆ మెట్ల మధ్యలో పడిందంటే, అక్కడ వీడియోను కోసి అతికించారేమో చూడాలి. ఇలాంటి మెట్లు, గడియారాలు ప్రతి ఆటలోనూ ఏవో ఉంటాయి. నీ ఆటలో ఏమున్నాయో టాస్ కట్టేవాళ్లను అడుగు. వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వాళ్లను శత్రువుల్లా చూసేవాళ్లకు డయాబ్లో కథ చెప్పు. ఆ ఆటను 3 నిమిషాల 12 సెకన్లలో ముగించిన పరుగొకటి 2009 నుంచి రికార్డుగా నిలిచింది. ముక్కలు ముక్కలుగా ఆడి కలిపిన పరుగది, ఆ మాట దాచలేదు కూడా. డయాబ్లోలో నేలమాళిగలు ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ కొత్తగా పుడతాయి. పదిహేనేళ్ల తర్వాత కొందరు టాస్ కట్టేవాళ్లు ఆ రికార్డును పనిముట్లతో దాటాలనుకున్నారు. ఆట పుట్టించగల నేలమాళిగలను కంప్యూటర్‌తో కోట్ల సంఖ్యలో వెతికించారు. ఆ వీడియోలో కనిపించే అంతస్తులన్నీ ఒకే ఆటలో వచ్చే మార్గం దొరకలేదు. తరచి చూస్తే ముక్కలు వేర్వేరు ఆటలవని తేలింది. ముక్కల పరుగని మొదటే చెప్పాను కదా అన్నది చేసినతని వాదన. కానీ ముక్కల పరుగంటే ఒక ముక్క ఎక్కడ ఆగిందో రెండోది అక్కడే, అదే ఆటలో, అదే సామానుతో మొదలవ్వాలి. పది ఆటల్లోని మంచి ముక్కలు ఏరి అతికించడం వేరు. ఆ పరుగును ప్రచురించిన స్పీడ్ డెమోస్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటు చివరికి ఆ పరుగును తొలగించింది.

ఈ కథను నేను చాలాసార్లు తలచుకుంటాను. అక్కడ పేరుంది. ఆ పేరుకు హద్దులేమిటో చూసేవాళ్లకు, చేసినవాడికి ఒకే అర్థం లేదు. ‘ముక్కలు’ అన్న ఒక్క మాట కింద రెండు వేరువేరు పనులు దాక్కున్నాయి. అందుకే నీ పట్టికలో ఏ పేరు పెట్టినా దాని కింద రెండు మూడు వాక్యాల్లో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో రాయించు. ముఖ్యంగా ‘గ్లిచ్ లేకుండా’, అంటే ఆట ప్రోగ్రామ్‌లోని లోపాలను వాడుకోకుండా, అన్న మాటతో జాగ్రత్త. గోడలోంచి దూరడం గ్లిచ్ అని అందరూ ఒప్పుకుంటారు. గోడ అంచు మీద కాలు ఆనించి మళ్లీ ఎగరడం గ్లిచ్చా, నైపుణ్యమా? దాని మీద స్నేహాలు తెగిపోవడం చూశాను. ఆ మాటకు నిర్వచనం వెతకడం మానేసి, నిషేధించిన కిటుకులను పేరు పేరునా రాయండి. కొత్త కిటుకు బయటపడినప్పుడు కూర్చుని మాట్లాడుకుని చేర్చుకోండి.

ఎమ్యులేటర్‌లో జరిగింది అసలు యంత్రంలో జరుగుతుందా అన్న ప్రశ్న కూడా నీ ముందుకు వస్తుంది. 2014 జనవరిలో అమెరికాలో జరిగిన ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ అనే స్పీడ్‌రన్‌ల కార్యక్రమంలో టాస్‌బాట్ అనే పరికరం అసలు సూపర్ నింటెండో కంట్రోలర్ రంధ్రాల్లోంచి బటన్ నొక్కులు పంపి, సూపర్ మారియో వరల్డ్‌ను పాంగ్, స్నేక్ ఆటలుగా మార్చేసింది. బటన్లు తప్ప మరేదీ వాడలేదు. మీకు అంత సదుపాయం లేకపోయినా ఫరవాలేదు. అసలు యంత్రంలో నడిపి చూశారా లేదా అన్నది ఒక గడిలో రాసి పెట్టండి.

ఫైలు అడగకుండా మాటనే నమ్మితే ఏమవుతుందో ఇంకో కథ చెబుతుంది. అట్టారి యంత్రం మీది డ్రాగ్‌స్టర్ అనే పందెం ఆటలో 5.51 సెకన్ల రికార్డు 1982 నుంచి నిలిచి, 2018లో ఆటల రికార్డులు నమోదు చేసే ట్విన్ గెలాక్సీస్ సంస్థ పట్టిక నుంచి పోయింది. ఆట కోడ్‌ను విడదీసి లెక్కగడితే 5.57 కన్నా తక్కువ రాదని తేలింది. అన్నేళ్లు నిలిచిందంటే అప్పట్లో చూసినవాళ్లు మనిషి మాటను నమ్మారు. మనిషిని నమ్మడం మంచిదే, ఫైలును కూడా అడగాలి.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న బృందంలో పరిశీలకుడిగా ఉన్నప్పుడు, ఎవరూ పట్టించుకోని ఒక పిల్లల లెక్కల ఆటకు టాస్ వచ్చింది. చూస్తుంటే నిద్ర వచ్చింది. ‘ఆసక్తికరంగా లేదు’ అని ఒకే వాక్యం రాసి తిరస్కరించాను. ఆ రోజుల్లో చాలాచోట్ల అదే ధోరణి. వేగంతో పాటు చూడ్డానికి వినోదం కూడా ఉండాలనేవారు. టాస్‌వీడియోస్‌లో సైతం ఈ వాదన ఏళ్ల తరబడి నడిచి, చివరికి వినోదంతో పని లేకుండా వేగాన్నే కొలిచే విభాగం వచ్చింది. నేను తిరస్కరించిన ఆ పరుగు కట్టినవాడు మళ్లీ ఏదీ పంపలేదు. తర్వాత ఎప్పుడో ఆ ఫైలును నిదానంగా చూశాను. యాదృచ్ఛికంగా వచ్చే లెక్కలను ఏ ఫ్రేములో ఏ బటన్ నొక్కితే సులువైనవి వస్తాయో కనిపెట్టి, ఒక్కోదాన్నీ తనకు కావలసినట్టు రప్పించుకున్నాడు. అది నాకు అప్పుడు కనిపించలేదు. వేగాన్ని ఒక గడిలో, వినోదాన్ని ఇంకో గడిలో చూడు. నీకు విసుగు పుట్టిందన్నది ఎవరి పనికీ కొలత కాదు. అలాగే ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి సరిదిద్దారన్న అంకె చూసి ముచ్చటపడకు. కంప్యూటర్‌తో వెతికించినవాడికి ఆ అంకె లక్షల్లో వస్తుంది, ముందే ఆలోచించి కట్టినవాడికి వేలల్లో ఉంటుంది.

తిరస్కరించాల్సి వస్తే కారణం పూర్తిగా రాయి. ఏ వరుసలో, ఏ ఫ్రేములో ఏం చూశావో చెప్పు. ఏం మారిస్తే ఒప్పుకుంటారో చెప్పు. మోసం అన్న మాటను, కావాలని దాచారని రుజువు దొరికినచోట మాత్రమే వాడు, అదీ అవతలి మనిషి జవాబు విన్నాక.

ఆ కుర్రాడి సంగతికి వస్తే, అందరి ముందూ నిలదీయక ముందు విడిగా ఒక జాబు రాయి. ‘రికార్డు’ అని ఎందుకు రాశావు, పనిముట్లతో కట్టావని చెప్పడం మరిచావా, చెప్పక్కర్లేదనుకున్నావా అని మర్యాదగా అడుగు. వయసు తక్కువైతే ఈ తేడా వాడికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మరిచాడనో తెలియదనో అంటే వీడియో మొదట్లో ఆ వాక్యం చేర్చి, టాస్ పట్టికలో పెట్టుకోమను. అక్కడ దానికి మొదటి స్థానం రావచ్చు కూడా. తెలిసే చేత్తో ఆడానని బొంకితే చేతి పరుగుల పట్టికలో వాడి పాత పరుగులన్నీ మళ్లీ చూడాల్సి వస్తుంది. ఆ పని ఒక్కదానివే నెత్తిన వేసుకోకు, ఇంకో ఇద్దరిని తోడు పెట్టుకో.

ఫైలు, ఎమ్యులేటర్ వెర్షన్ వివరాలు నాకూ పంపు. ఆదివారం ఉదయం మీ పిన్ని గుడికి వెళ్లాక నేనూ మొదటి నుంచి చివరి దాకా నడిపి చూసి, ఏమైనా కనిపిస్తే ఫ్రేమ్ సంఖ్యతో సహా రాస్తాను.

ఇట్లు,
మీ బాబాయి