లెక్కల సందేహాలు: ఆ శాతం దేనిమీద?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ‘ఒక వ్యాపారి కొన్నవెలకు 40% కలిపి చీర మీద ప్రకటన వెల వేశాడు. దానిపై 25% డిస్కౌంట్ ఇచ్చి 840 రూపాయలకు అమ్మాడు. లాభశాతం ఎంత? కొన్నవెల ఎంత?’ అన్న లెక్కలో 40లోంచి 25 తీసేసి లాభం 15% అంటోంది. పుస్తకంలో 5% అని ఉంది. ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తీసివేత సరిగ్గానే చేసింది. కానీ ఆ 40, ఈ 25 ఒకే మొత్తం మీద లెక్కగట్టినవి కావు. 40% కొన్నవెల మీద, 25% ప్రకటన వెల మీద. అందుకే లెక్కలో శాతం గుర్తు కనబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో ‘దేనిమీద?’ అని రాయించండి. సూత్రం బట్టీ పట్టించడం కన్నా ఇదే మేలు.

కొన్నవెల తెలియదు కాబట్టి 100 రూపాయలు అనుకోమనండి.
ప్రకటన వెల = 100 + 40 = 140.
డిస్కౌంట్ = 140లో 25% = 35. (పిల్లలు పొరపాటున 25 అని వేసేది ఇక్కడే.)
అమ్మినవెల = 140 − 35 = 105.
లాభం 100కి 5, అంటే 5%.

ఇక రెండో భాగం. అమ్మినవెల 105 అయితే కొన్నవెల 100. మరి 840 అయితే? 840 ÷ 105 = 8. కాబట్టి కొన్నవెల 8 × 100 = 800 రూపాయలు.

చాలామంది పిల్లలు 5% వరకు బాగానే వచ్చి, చివర్లో 840లో 5% అంటే 42 తీసేసి 798 అని రాస్తారు. మళ్లీ అదే తప్పు: లాభశాతం కొన్నవెల మీద, 840 అమ్మినవెల. సరిచూడటానికి అర నిమిషం చాలు. 800కి 40% అంటే 320 కలిపితే 1,120. అందులో పావు వంతు 280 తీస్తే 840. సరిపోయింది.

ప్రశ్న: వెళ్లేటప్పుడు గంటకు 40 కి.మీ., అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు 60 కి.మీ. వేగం. సగటు వేగం 50 ఎందుకు కాదు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కరీంనగర్

జవాబు: నెమ్మదిగా నడిచిన సమయం ఎక్కువ గనుక. దూరం 120 కి.మీ. అనుకో. వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. మొత్తం 240 కి.మీ., 5 గంటలు: 240 ÷ 5 = 48. రెండు వేగాలతోనూ ఒకే సమయం ప్రయాణిస్తేనే 50 వస్తుంది.

ప్రశ్న: ‘దీర్ఘచతురస్రాకార స్థలం పొడవు వెడల్పు కన్నా 5 మీ. ఎక్కువ, వైశాల్యం 84 చ.మీ. కొలతలు కనుక్కోండి.’ సమీకరణం రాయగలను, మధ్యపదాన్ని విడగొట్టడం దగ్గరే ఆగిపోతున్నాను.
– పదో తరగతి విద్యార్థిని, పార్వతీపురం

జవాబు: వెడల్పు ఎక్స్ మీ. అయితే పొడవు ఎక్స్ + 5 మీ. ఎక్స్(ఎక్స్ + 5) = 84, అంటే ఎక్స్² + 5ఎక్స్ − 84 = 0.

ఊహించి వెతకొద్దు. 84ని జతలుగా వరసగా చిత్తుపనిలో రాయి: 84×1, 42×2, 28×3, 21×4, 14×6, 12×7. చివరిపదం మైనస్ కనుక ఒక్కో జతలో తేడా చూడాలి: 83, 40, 25, 17, 8, 5. మనకు కావాల్సిన 5 చివరి జతలో దొరికింది. మధ్యపదం ప్లస్ కాబట్టి పెద్ద సంఖ్యకు ప్లస్: +12, −7. (చివరిపదం ప్లస్ అయితే తేడా కాదు, మొత్తం చూడాలి.)

ఎక్స్² + 12ఎక్స్ − 7ఎక్స్ − 84 = 0
ఎక్స్(ఎక్స్ + 12) − 7(ఎక్స్ + 12) = 0

ఈ రెండో వరుసలో −7 బయటికి తీసినప్పుడు బ్రాకెట్‌లో −12 రాసేస్తుంటారు. −7ని +12తో గుణిస్తేనే −84 వస్తుంది. రెండు బ్రాకెట్లూ ఒకేలా లేకపోతే గుర్తు తప్పిందనే అర్థం.

(ఎక్స్ + 12)(ఎక్స్ − 7) = 0. ఎక్స్ = −12 లేదా 7. ఇక్కడ −12ని ఊరికే కొట్టేయకు. ‘వెడల్పు రుణసంఖ్య కాదు కనుక ఎక్స్ = 7’ అని ఒక వాక్యం రాయి. వెడల్పు 7 మీ., పొడవు 12 మీ.