తాగుడు మానినవాడు ఖాళీ కడుపుతో పరుగుకి వెళ్ళకూడదు

మీరు అడిగింది ఇది: మందు మానేసి నాలుగు నెలలు దాటింది, ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) పరిగెత్తాలని ఉంది, ఇప్పుడే ట్రైనింగ్ మొదలుపెట్టొచ్చా, పరుగు మళ్ళీ తాగకుండా ఆపుతుందా అని.

మొదలుపెట్టండి. కాకపోతే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. తర్వాత పొద్దున్నే ఏదో ఒకటి తినే అలవాటు చేసుకోండి. షూస్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ వరుసలోనే ఎందుకంటున్నానో తెలియాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

మాది విజయవాడ సింగ్ నగర్. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో పని. పద్నాలుగేళ్ళు తాగాను. అందులో చివరి ఆరేళ్ళు ఒక్కరోజు కూడా వదల్లేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద మా వీధిలోకి వచ్చినప్పుడు పైఅంతస్తులో చిక్కుకుపోయాం. కింద నడుం దాటి నీళ్ళు. పిల్లలకి తాగడానికి మంచినీళ్ళు లేవు, నా దగ్గర మాత్రం మూడు క్వార్టర్లు దాచి ఉన్నాయి. అవి అయిపోయిన రెండో రోజు రాత్రి చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి, గోడ మీద లేనివి కనిపించాయి. తెల్లారి పడవ వస్తే మా ఆవిడ పిల్లలకి పాలు అడగాల్సింది పోయి, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళమని అడిగింది. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం లోపలికి దిగదు.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాను. నిద్ర మాత్రల లాంటివి ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వచ్చారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. ఇది చదివే ఇంకొకరి కోసం ఒక మాట రాస్తున్నాను. రోజూ బాగా తాగేవాళ్ళు ఎవరికీ చెప్పకుండా, ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయకండి. మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఆసుపత్రికి వెళ్ళి మానండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.

అంతకు ముందు ఏడాది మా ఆవిడ కరెంటు స్తంభం మీద కాగితం చూసి, ‘తెలియకుండా తాగుడు మాన్పించే పొడి’ 3,500 రూపాయలు పెట్టి కొని పప్పులో కలిపింది. అందులో ఏముందో అమ్మినవాడికైనా తెలుసో లేదో. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అని మాత్రలున్నాయి. అలాంటిది కలిపారనుకోండి, ఆ సంగతి తెలియక మనిషి తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, గుండెకే ముప్పు. ఆ మాత్ర డాక్టర్ రాసి, వేసుకునేవాడికి తెలిసి వేసుకోవాల్సింది. ఈ కాగితాలు అంటించేవాళ్ళని ఎవరూ పట్టుకోరు. ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు పుస్తెలు తాకట్టు పెట్టి ఈ పొడులు కొంటున్నారో తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

సరే, పరుగు. మానేసిన ఆరు నెలలకి, 2025 మార్చిలో మొదలుపెట్టాను. డాక్టర్ ముందు ఈసీజీ, గుండె స్కానింగ్, లివర్ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించారు. ఏళ్ళ తరబడి తాగితే గుండె కండరం కూడా బలహీనపడుతుందట, పైకి తెలియదట. నాకు గుండె బాగానే ఉంది, షుగర్ లేదు, అరికాళ్ళు మాత్రం మొద్దుబారి ఉన్నాయి. ఓ రోజు సాక్సు తీస్తే రక్తం. బొటనవేలి గోరు ఎప్పుడు లేచిందో నాకు తెలియనే లేదు. మీకూ కాళ్ళు తిమ్మిర్లుగా ఉంటే ప్రతి పరుగు తర్వాత పాదాలు కంటితో చూసుకోండి, నొప్పి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోవద్దు.

నాతో పరిగెత్తేది ఒక రిటైర్డ్ పీఈటీ మాస్టారు. అరవై నాలుగేళ్ళు. ఆసుపత్రిలో కలిసిన ఒకాయన ద్వారా పరిచయమయ్యారు. మాస్టారు కూడా ఒకప్పుడు తాగి మానినవారే, ఇరవై రెండేళ్ళయింది. బండ్లు పద్మావతి ఘాట్ దగ్గర పెట్టి ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డు పట్టేవాళ్ళం. బ్యారేజీకి 70 గేట్లు. మొదట్లో గేట్లు లెక్కపెట్టుకుంటూ పరిగెత్తేవాణ్ణి. పది గేట్లు పరుగు, పది గేట్లు నడక. బ్యారేజీ మొత్తం ఆగకుండా పరిగెత్తడానికి నాకు ఐదు వారాలు పట్టింది. 1957లో కట్టిన ఆ బ్యారేజీ మీద నేను పుట్టినప్పటి నుంచీ తిరుగుతున్నాను, దాని పొడవు 1,223 మీటర్లని మాత్రం కాళ్ళకి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు జులైలో ఒక ఆదివారం సంగతి చెప్తాను. అసలు ఈ జవాబు రాస్తున్నదే దీనికోసం.

ఆ రోజు 18 కిలోమీటర్లు. అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి. ఫోన్‌లో ఎవరో ఖాళీ కడుపుతో పరిగెత్తితే కొవ్వు కరుగుతుందని చెప్పగా విని, ముందురోజు రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టాను. పొద్దున్న చక్కెర లేని కాఫీ, అంతే. నాలుగున్నరకి బయలుదేరాం. కరకట్ట మీద వెంకటపాలెం దాకా వెళ్ళి వెనక్కి తిరిగే వరకూ గాల్లో తేలినట్టే ఉంది. మాస్టారిని వెనక వదిలేసి వచ్చేశాను. ఏడు కావస్తుండగా తిరిగి బ్యారేజీ ఎక్కాను. గేట్లు లెక్కపెడుతూ ముప్పై దగ్గర లెక్క తప్పాను. మళ్ళీ మొదలుపెడదామంటే ఏ అంకె తర్వాత ఏది వస్తుందో తోచలేదు. ఆగి రెయిలింగ్ పట్టుకున్నాను. వేళ్ళు వణుకుతున్నాయి. చల్లటి చెమట. గుండె దడదడా కొట్టుకుంటోంది. వరద నాటి రాత్రి ఎలా వణికానో అచ్చం అలాగే.

అప్పుడు నోట్లో బ్రాందీ రుచి వచ్చింది. గుర్తుకు రావడం కాదు, నాలుక మీద నిజంగా వచ్చింది. పది నెలల్లో ఒక్కసారి కూడా అలా కాలేదు. జేబులో పెట్రోల్ కోసం పెట్టుకున్న రెండొందల నోటు ఉంది. షాపులు తెరిచేసరికి పదవుతుంది, ఇంకా మూడు గంటలు. కానీ అంతకుముందే మందు దొరికే ఒక బడ్డీ కొట్టు సీతానగరం వైపు ఉందని నాకు పాతరోజుల నుంచీ తెలుసు. ఇదంతా నేను ఆలోచించింది కాదు, లెక్కంతా దానంతటదే జరిగిపోయింది. వెనక్కి తిరిగి సీతానగరం వైపు నడవడం మొదలుపెట్టాను. ఓ వంద అడుగులు వేసి ఉంటాను.

ఎదురుగా మాస్టారు వస్తున్నారు.

“ఏవయ్యా, అటెళ్తున్నావేంటి?”

“ఫోన్ ఎక్కడో పడిపోయింది మాస్టారూ, చూసొస్తా.”

ఫోన్ నా ఎడమ చేతిలోనే ఉంది. ఆయన ఫోన్ చూశారు, వణుకుతున్న చెయ్యీ చూశారు. “పొద్దున్న ఏం తిన్నావ్?” అన్నారు. ఏం తినలేదన్నాను. నడుముకి కట్టుకున్న సంచిలోంచి వేరుశెనగ చిక్కీ తీసి చేతిలో పెట్టారు. “ముందు ఇది నమిలి మింగు. ఫోన్ తర్వాత వెతుకుదాం.”

ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టారు. రెండు చిక్కీలు, ఒక సీసాడు ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మకాయ నీళ్ళు. ఒక్కమాట కూడా అడగలేదు. కింద నదిలో వలలు తీస్తున్నవాళ్ళని చూస్తూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలు పట్టిందేమో. వణుకు ఆగింది. ఆ తర్వాత చూసుకుంటే నోట్లో బ్రాందీ రుచి లేదు. ఎంత వెతికినా లేదు.

“ఫోన్ పడిపోలేదండీ,” అన్నాను.

“తెలుసులే. ఇంకో ముక్క తిను.”

వారం తర్వాత డాక్టర్‌కి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. ఒంట్లో చక్కెర పడిపోయినా, మందు మానిన కొత్తలో అయినా శరీరం ఒకే రకంగా గోల చేస్తుందట. వణుకు, చెమట, దడ, చిరాకు రెండింటికీ ఉంటాయి. పైగా ఏళ్ళ తరబడి తాగి దెబ్బతిన్న లివర్, మామూలు మనిషి లివర్ అంత చక్కెరని నిల్వ పెట్టుకోలేదట. పద్నాలుగేళ్ళుగా నా ఒంటికి ఆ వణుకుకి తెలిసిన మందు ఒక్కటే. ఆకలేసినా అదే అడుగుతుంది.

అప్పటి నుంచి నా సాయంత్రాల గురించి ఆలోచించాను. నేను రోజూ తాగడం మొదలుపెట్టేది ఆరున్నరకి. మధ్యాహ్నం ఒంటిగంటకి కౌంటర్ వెనక నాలుగు ముద్దలు తిన్నాక రాత్రి దాకా టీలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇన్నేళ్ళూ ‘మందు గుర్తొస్తోంది’ అనుకున్న దానిలో ముప్పావు వంతు ఆకలేనని నేను ఖాయంగా చెప్తాను. ఐదున్నరకల్లా ఉడకబెట్టిన పల్లీలో, రెండు అరటిపళ్ళో తినడం మొదలుపెట్టాక ఆరున్నర గండం మామూలు ఆరున్నర అయిపోయింది. ఇది ఎవరైనా మా అమ్మలాగా ముందే చెప్పి ఉంటే బాగుండేది. నిజానికి మా అమ్మ చెప్పింది కూడా, “తిని తగలడరా” అని రోజూ. నేను వినలేదు.

అందుకే ఖాళీ కడుపుతో పరిగెత్తమని వీడియోలు చేసేవాళ్ళంటే నాకు కోపం. వాళ్ళ ఒంటికి అది సరిపడొచ్చు. వినేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటారని ఒక్క ముక్క చెప్పరు. మీరు మాత్రం పరుగుకి గంట ముందు రెండు ఇడ్లీలో, బ్రెడ్డూ అరటిపండో తినండి. గంట దాటే పరుగైతే అరగంటకోసారి బెల్లం ముక్కో చిక్కీయో నోట్లో వేసుకోండి. వట్టి నీళ్ళు లీటర్లకొద్దీ తాగొద్దు, ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఓఆర్ఎస్ మంచిది. మీకు షుగర్ ఉంటే ఇవన్నీ డాక్టర్ చెప్పినట్టే చేయండి, నా మాట కాదు.

రేసు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, మేం పరిగెత్తే దారిలో అంత ఎత్తులు లేవు కాబట్టి నేను వారానికోసారి సింగ్ నగర్ ఫ్లైఓవర్ ఐదారుసార్లు ఎక్కి దిగేవాణ్ణి, మీరూ మీ దగ్గర్లో ఉన్నది ఎక్కి దిగండి. అక్కడ ఆ 21.1 కిలోమీటర్లు నేను 2 గంటల 48 నిమిషాల్లో పూర్తి చేశాను. అయ్యాక పక్కనున్న కుర్రాడు పరుగు తర్వాత బీరు తాగితే కండరాలు కోలుకుంటాయన్నాడు. అబద్ధం. మద్యం కండరం కోలుకోవడాన్ని వెనక్కే లాగుతుంది. పెళ్ళిళ్ళలో బావమరుదులు “ఇంత పరిగెత్తావుగా, ఒక్క పెగ్గుకి ఏమవుద్ది?” అంటారు చూడండి, అదీ ఇదీ ఒకటే. మీకూ అంటారు. జవాబు చెప్పకండి, ప్లేట్ తీసుకుని భోజనాల దగ్గరికి వెళ్ళిపోండి.

ఇక మీ రెండో ప్రశ్న. పరుగు తాగుడుని ఆపదు. ఆ ఆదివారం నన్ను తాగుడు దాకా తీసుకెళ్ళింది పరుగే. ఆపింది సంచిలో చిక్కీ పెట్టుకుని వెనకాల నెమ్మదిగా వస్తున్న మనిషి. ఇప్పుడు ఆ సంచి నేను కట్టుకుంటున్నాను, ఈ మధ్య వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ వెనక.

మీరు విజయవాడలోనే ఉంటే ఆదివారం నాలుగుంపావుకల్లా పద్మావతి ఘాట్ దగ్గరికి రండి. చిక్కీలు మా దగ్గర ఉంటాయి. మీరు ఇంట్లో రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి.