మోడ్ మార్చడం ఆఖరి పని

ఒరేయ్ అల్లుడూ,

కొట్లో కంప్యూటర్ లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతిలో) ఉంది, విండోస్ 11 ఎక్కనంటోంది, బయోస్‌లోకి (ఆన్ చేస్తూనే తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని మార్చేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదురా. ముందు ప్రాసెసర్ చూసుకో. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతదైతే మోడ్ మార్చినా మామూలుగా విండోస్ 11 రాదు. అప్పుడు ఈ శ్రమంతా దండగ.

ప్రాసెసర్ సరైనదే అయితే డిస్కు సంగతి. లెగసీలో ఎక్కించిన విండోస్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతి ఉన్న డిస్కు మీద ఉంటుంది. యూఈఎఫ్ఐకి జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి. డిస్కును జీపీటీకి మార్చకుండా మోడ్ మారిస్తే విండోస్ లేవదు, బూట్ డివైస్ లేదంటుంది. చాలామంది అక్కడే బెంబేలెత్తిపోయి ఫార్మాట్ కొట్టించుకుంటారు. డేటా ఎక్కడికీ పోదు, మోడ్ వెనక్కి తిప్పితే మళ్లీ మామూలుగా లేస్తుంది. ఎవడైనా ఫార్మాట్ అంటే సీపీయూ వాడి చేతికివ్వకు.

డిస్కును జీపీటీకి మార్చడానికి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ 2017 నుంచి విండోస్ 10లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు వ్యాలిడేట్ చెయ్యి (కుదురుతుందో లేదో చూడటం), అది పాసైతేనే కన్వర్ట్. మన షాపులవాళ్లకు డిస్కును సి, డి, ఇ, ఎఫ్ అని ముక్కలు చెయ్యడం అలవాటు కదా, అక్కడే తంటా. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించినా, లాజికల్ పార్టిషన్ ఒక్కటున్నా ఈ టూల్ ఒప్పుకోదు. అలా వస్తే చివరి డ్రైవ్‌లలోని ఫైళ్లు బయటికి కాపీ చేసుకుని, ఆ పార్టిషన్లు తీసేసి మళ్లీ చూడు.

కన్వర్ట్ అయ్యాక వెనక్కి రావాలంటే డిస్కు తుడిచెయ్యాల్సిందే. అందుకే టాలీ డేటా ముందే వేరే హార్డ్ డిస్కులోకి తీసిపెట్టు. బిట్‌లాకర్ (డిస్కుకు వేసే తాళం) ఉంటే సస్పెండ్ చెయ్యి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు, గుంటూరు ఎండాకాలం కరెంటు సంగతి నీకు తెలిసిందే. తక్‌పట్టీలు (రైతుల సరుకు అమ్మకం చీటీలు) రాసే సీజన్లో అసలే వద్దు, మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాక చూసుకో.

ఇవన్నీ అయ్యాక ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి, సీఎస్ఎం (లెగసీ మోడ్‌ను నడిపే సెట్టింగు) డిసేబుల్ చేసి, సేవ్ చెయ్యి. పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే తెర నల్లగానే ఉండిపోవచ్చు. టెన్షన్ పడకు. ప్లగ్ పీకి, కార్డు తీసి, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకే పెట్టు. అప్పటికీ రాకపోతే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కాసేపు తీసి మళ్లీ పెట్టు, బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. ఆ తర్వాత తేదీ, టైమ్ సరిచెయ్యడం మర్చిపోకు, లేకపోతే జీఎస్టీ పోర్టల్ తెరుచుకోక మళ్లీ నాకే ఫోన్ చేస్తావు.

మీ మామయ్య,
గవర్నర్‌పేట, విజయవాడ