వార్డు ఫోన్ వార్డులోనే ఉంచు

అమ్మలూ,

స్టాఫ్ నర్సుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. "మళ్ళీ కోవిడ్ లాంటిది వస్తే ఎలా, పెద్దమ్మ వాళ్లు ఎలా తట్టుకున్నారో" అన్నావట. అందరూ తట్టుకోలేదమ్మా. కొందరు ఉద్యోగం మానేశారు, కొందరు మానకుండానే మనిషి మారిపోయారు.

2020లో మన శ్రీకాకుళం జిల్లాలో ఏప్రిల్ చివరిదాకా కేసుల్లేవు. పాతపట్నంలో మొదటివి బయటపడేదాకా మేం పీపీఈ కిట్ తొడగడం, విప్పడం ప్రాక్టీసు చేస్తూ కూర్చున్నాం. అప్పుడు పడ్డంత టెన్షన్ తర్వాత వార్డులో కూడా పడలేదు. అలాంటి రోజులొస్తే ముందు టీవీ కట్టేయ్.

అసలు మనిషిని తినేసేది ఫోను. మనది వలసల జిల్లా. తండ్రి ఇక్కడ ఆక్సిజన్ మీద ఉంటే కొడుకు హైదరాబాద్‌లోనో, గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీదో ఉంటాడు. ఊళ్లో ఉన్నవాళ్లనీ లోపలికి రానివ్వరు. గాగుల్స్ మసకబారిపోతుంటే నువ్వే ముసలాయన మొహం దగ్గర ఫోన్ పట్టుకోవాలి. అవతల "నాన్నా, ఒక్కసారి కళ్లు తెరు" అని ఏడుస్తుంటారు. చూపించు, తప్పదు. నీ సొంత నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వకు. జాలిపడి ఇచ్చినవాళ్లకి క్వారంటైన్ గదిలో కూడా నిద్ర ఉండేది కాదు. మనిషి పోయాక కూడా "ఆఖర్న ఏమన్నాడు సిస్టర్?" అని ఫోన్లు. వార్డు ఫోన్ నుంచే, ఇంత టైముకని పెట్టుకుని మాట్లాడు. చావు కబురు డాక్టరు గారే చెప్పాలి, నువ్వు పక్కనుండు. జూనియర్ సిస్టర్ చేత చెప్పించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. "మీరు చెప్పండి సార్" అని మర్యాదగానే అను.

కిట్‌లో ఉన్నంతసేపూ మంచినీళ్లు కూడా ఉండవు. డ్యూటీ దిగగానే చోడంబలి, అదే రాగి అంబలి, తాగు, ఏడుపైనా ఆ తర్వాతే. నేరుగా గదికి పోకుండా నీ షిఫ్టులోవాళ్లతో కాసేపు కూర్చో. ఇంట్లో చెబితే "మానేయ్" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. స్వీపర్లనీ, వార్డు బాయ్‌లనీ పిలువు. శవాల్ని కట్టేది వాళ్లే, వాళ్ల సంగతి ఎవరూ అడగరు.

ఇంజెక్షన్ చేశానో లేదో అని అదే చార్టు మళ్ళీ మళ్ళీ చూస్తున్నా, సెలవురోజు కూడా నిద్ర పట్టకపోయినా, ఎవరు పోయినా ఏమీ అనిపించకపోయినా ఊరుకోకు. ట్రేలో ఉంది కదా అని నిద్రమాత్ర వేసుకోకు, అది అలవాటైపోయినవాళ్లని చూశాను. సైకియాట్రీ ఓపీకి వెళ్లు. ఎవరైనా చూస్తారని సిగ్గయితే 14416కి ఫోన్ చేయి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లు మాట్లాడే హెల్ప్‌లైను. డబ్బులు అక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. లేవకపోతే బాగుండు అనిపించిన రోజు మాత్రం తెల్లారేదాకా ఆగకు, పక్కనున్నవాళ్లకి చెప్పు, నాకు ఫోన్ చేయి.

ఇంకో మాట. గది అద్దెకి తీసుకునేటప్పుడే ఓనరుకి నర్సునని చెప్పెయ్. అప్పట్లో మాలో కొందరిని ఉన్నపళంగా ఖాళీ చేయమన్నారు. కాదంటే అరసవల్లి వైపు మనకి తెలిసినవాళ్లున్నారు, అడుగుతాను.

పెద్దమ్మ