రెండు ఫండ్లకీ సగటు 12 శాతమే, మరి తేడా ఎక్కడ?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. బోనస్, సేవింగ్స్ కలిపి 8 లక్షలున్నాయి, మూడేళ్లలో హోస్కోట వైపు సైటు కొనాలి. షేర్లూ బాండ్లూ కలిసుండే హైబ్రిడ్ ఫండ్ ఒకటి, చిన్న కంపెనీల షేర్లలో పెట్టే స్మాల్ క్యాప్ ఫండ్ ఒకటి చూశాను, ఐదేళ్ల రిటర్న్స్ కింద ఇస్తున్నా, రెండింటికీ సగటు 12 శాతమే. ఏది తీసుకోమంటారు సార్?

జవాబు: లెక్క కరెక్టే వేశారండీ, కాకపోతే సగటు దగ్గరే ఆగిపోయారు. మీరు పంపినవి చూస్తే హైబ్రిడ్‌కి 10, 14, 11, 13, 12, స్మాల్ క్యాప్‌కి 45, మైనస్ 20, 38, మైనస్ 15, 12. వరసగా పేర్చి నడిమిది తీసినా, అదే మీడియన్, రెండింటికీ 12 వస్తుంది, పైకి కవలపిల్లల్లాగే ఉన్నాయి.

ఇప్పుడు రెండిట్లో చెరో లక్ష వేసి ఏడాదికేడాది లెక్కేసుకుంటూ రండి. హైబ్రిడ్‌లో 1,76,164 అయింది, స్మాల్ క్యాప్‌లో 1,52,396 దగ్గరే ఆగింది. మిగతా 24 వేలు ఎటు పోయాయంటారా? మొదటేడు లక్ష కాస్తా 1,45,000 అయింది కదా, రెండో ఏడు పోయిన 20 శాతం ఆ 1,45,000 మీద, అంటే ఒక్క దెబ్బకి 29 వేలు, పైగా 20 శాతం పడింది మళ్లీ ఉన్నచోటికి రావాలంటే 25 శాతం ఎక్కాలి. మామూలు సగటుకి ఇదేం పట్టదు, అందుకే మేం సీఏజీఆర్, అంటే ఏటా ఒకే రేటున పెరిగిందనుకుంటే వచ్చే చక్రవడ్డీ శాతం, చూడమని మొత్తుకుంటాం. అది హైబ్రిడ్‌కి 12 దగ్గరే ఉంది, స్మాల్ క్యాప్‌కి 8.8కి దిగింది.

ఈ ఎగుడుదిగుళ్లని కొలిచేదే స్టాండర్డ్ డీవియేషన్, ఒక్కో ఏడాది సగటుకి ఎంత దూరం పోయిందో చెప్తుంది. మీ అంకెలతో వేస్తే ఒకదానికి 1.6, ఇంకోదానికి దాదాపు 30! ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో కూడా ఉంటుంది, అక్కడ మామూలుగా నెలవారీ రిటర్న్స్‌తో వేస్తారు కాబట్టి దీంతో కలవకపోతే కంగారు పడకండి, నిజం చెప్పాలంటే ఐదు అంకెలు చాలా తక్కువ కూడా.

మీ విషయానికొస్తే స్మాల్ క్యాప్ వద్దే వద్దు. రిజిస్ట్రేషన్ ముందు ఆ మైనస్ 20 లాంటి ఏడాది తగిలితే 8 లక్షలు 6.4 అవుతాయి, మా ఫండ్ సగటు 12 అండీ అంటే సైటు ఓనరు రేటు తగ్గిస్తాడా? నేనైతే హైబ్రిడ్‌లో ఒకటిన్నర మాత్రం పెట్టి, మిగతా ఆరున్నర రెండు బ్యాంకుల్లో సగం సగం ఎఫ్‌డీ చేస్తా, ఎందుకంటే ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ ఇన్సూరెన్స్. ఎఫ్‌డీ గడువు మాత్రం మూడేళ్లు నిండేదాకా కాకుండా ఒకట్రెండు నెలల ముందే తీరేలా పెట్టుకోండి, సైటు నచ్చితే అడ్వాన్స్ అడుగుతారు.